కామెర్ల పసరు

ప్రత్తిపాడు,
8-3-1985

మహారాజశ్రీ శ్రీవారి పాదాలకు దుర్గాంబ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, అబ్బాయీ క్షేమమని తలుస్తున్నానని రాయాలి. ఆస్పత్రి వరండాలో కూర్చుని మీరు రాసిన ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. మిరపకాయలు రెండో కోత అయింది, కళ్లంలో ఆరుతున్నాయి. వాన పడలేదు. హెడ్మాస్టరుగారు మీ సెలవు పొడిగించారు. ఊళ్లో ఏం చెప్పావని మీరడిగారు. మీరు చెప్పమన్నట్టే త్యాగరాజుకి పచ్చకామెర్లని చెప్పాను.

ఆ మాట అన్నదే తడవుగా ఊరంతా మనింటికే వచ్చింది. పక్కింటి కామేశ్వరి వదిన నేల ఉసిరి నూరి తెచ్చింది. కోటిలింగం చెరుకుగడలు మోసుకొచ్చాడు. పథ్యంలో మజ్జిగ పొయ్యాలా వద్దా అని అరుగు మీద ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. మీ కొడుకు కాలేయం మీద ఇంతమందికి ప్రేముందని నాకు తెలియదు. వాడేమో హాస్టల్ గదిలో గడియ పెట్టుకుని, తిండీ నిద్రా మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, స్నేహితులు తలుపు పగలగొట్టి ఆస్పత్రిలో చేర్చారు. ఆ జబ్బుకి మాత్రం మనింట్లో పేరే లేదు.

మందులు వాడాలి, కొన్ని నెలలు ఇంటిపట్టున మనుషుల మధ్య ఉంచాలి అని డాక్టరుగారు చెప్పినట్టు మీరే రాశారు. ఆ కిందనే, ఏప్రిల్‌లో పరీక్షలు రాయించి తీసుకొస్తాను అనీ రాశారు. లెక్కల మాస్టారు కదా, ఈ రెంటికీ పొత్తు కుదరదని మీకు తోచలేదా? దసరా సెలవులకి వచ్చినప్పుడు వాడు మీతో "నాన్నా, నాకక్కడ ఊపిరాడటం లేదు" అన్నాడు. "నూటికి నూరు తెచ్చుకునేవాడికి దిగులేమిట్రా" అని నవ్వారు. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కనుక తగ్గిందనుకున్నారు. నాకు మీ మీద కోపంగా ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట మీకు రాయడం ఇదే మొదలు.

ఇక ఇంతసేపూ చెప్పకుండా ఉన్న సంగతి. నిన్న పొద్దున్నే సర్దార్‌బీ వచ్చింది. మన కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే మనిషే, కామెర్లకి పసరు కూడా పోస్తుంది. చెంబుతో పట్టుకొచ్చింది.

"పరగడుపునే తాగాలండీ. అబ్బాయిగారేరండీ?" అంది.

"వాల్తేరులోనే ఉన్నాడు" అన్నాను.

"బిడ్డ అక్కడ మంచాన పడితే మీరిక్కడెందుకున్నారండీ?"

వచ్చినవాళ్లందరూ మందులు చెప్పారు. ఆ మాట మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు ఏడుపాగలేదు. కామెర్లూ కావు ఏమీ కావు, వాడికి మనసు బాగాలేదు అని చెప్పేశాను. ఆమె చెంబు కింద పెట్టింది.

"దానికి మందు లేదాండీ?"

"ఉందిట. వాళ్ల నాన్నగారికే నమ్మకం లేదు."

అప్పుడు కామేశ్వరి వదిన గుమ్మంలోనే ఉంది. ఈపాటికి ఊరందరికీ తెలిసే ఉంటుంది. నిన్నటినుంచి మన గడప ఎవరూ తొక్కలేదు. కోటిలింగం తెచ్చిన చెరుకుగడలు అరుగు మీదే ఎండుతున్నాయి.

మంగళవారం బయల్దేరి వస్తున్నాను. సర్దార్‌బీ భర్త బుడాన్ గుంటూరులో రైలెక్కిస్తానన్నాడు. త్యాగరాజుని ఇంటికి తెచ్చుకుంటాను. మందుల చీటీ నా చేతికివ్వండి. ఆ పరీక్షలు రాసి తీరాలని మీకంత పట్టుదలగా ఉంటే, మీరక్కడే ఉండి రాసుకోండి.

దారిలో వాడు "నాన్నకి కోపం వచ్చిందా అమ్మా" అని అడుగుతాడు. లేదని చెబుతాను. కామెర్ల తర్వాత మీ కోసం నేనాడే అబద్ధం అదొక్కటే.

ఇట్లు,
త్యాగరాజు తల్లి
దుర్గాంబ