పచ్చగానే ఉన్న చెట్టు

పంజాగుట్ట

అక్కా,

నీకూ బావకూ శ్రీను దండాలు. ఇంట్లో అందరూ కులాసాయే కదా? బావ మోకాలి నొప్పి తగ్గిందా? మరమగ్గం సాంచాల దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పు. నేను బాగున్నాను, నా గురించి ఫికర్ పడకు. తిండికి లోటు లేదు, కాకపోతే నేను పనిచేసే ఈ ఇంట్లో కారం తినరు. వీలైతే బస్సులో ఒక డబ్బా చింతకాయ తొక్కు పంపు.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు. కానీ సార్ ఎప్పుడూ నా పక్కనే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

నేను చూసుకుంటున్న ప్రసాదరావు సార్ రిటైరైన ఇంజినీరు. భార్య పార్వతమ్మగారు పోయిన ఏడాది చనిపోయారు. ఆమె పెంచిన బోన్సాయ్ చెట్టొకటి హాల్లో కిటికీ పక్కన ఉంది. జునిపర్ అంటారట. సరుగుడు ఆకులాంటి సన్నటి ఆకు, మూరెడు ఎత్తు, ముసలి మానులా వంకరలు తిరిగిన కాండం. బంజారాహిల్స్‌లో ఉండే వాళ్ల అమ్మాయి, అదే మా మేడం, నన్ను పనిలో పెట్టిన రోజే చెప్పింది, "మట్టిలో వేలు పెట్టి చూడు, ఆరితేనే నీళ్లు పొయ్యి. డాడీకి ఆ చెట్టంటే ప్రాణం" అని.

కానీ ఆ మట్టి ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. నేను పోయకుండానే! ఏసీ వల్లనేమో అనుకున్నాను. ఒక పొద్దున టిఫిన్ అయ్యాక సార్ గ్లాసుతో నీళ్లు పోశారు. పేపర్ చదివి మళ్లీ పోశారు. కాసేపటికి నన్ను పిలిచి, "ఏంటయ్యా శ్రీనూ, చెట్టుకి నీళ్లు పొయ్యలేదా?" అన్నారు.

"మీరే ఇప్పుడు పోసిండ్రు కద సార్."

"నేనా? అబద్ధాలెందుకు చెప్తావు?" అని నన్ను దొంగను చూసినట్టు చూశారు. నా ఎదుటే మూడోసారి పోశారు.

మేడంకి ఫోన్ చేస్తే, "డాడీకి మొదట్నుంచీ మతిమరుపేలే" అంది.

కుండీలోంచి కుళ్లు వాసన మొదలైంది. సార్ నిద్రపోతుంటే చెట్టును ఆటోలో యూసుఫ్‌గూడ నర్సరీకి తీసుకుపోయాను. నర్సరీ ఆయన చెట్టును మట్టిలోంచి పైకి లేపి వేళ్లు చూశాడు. నల్లగా, మెత్తగా చేతికి ఊడివచ్చాయి.

"గిది సచ్చిపోయింది భాయ్. ఎండ సుత తగల్లేదు దీనికి."

"పచ్చగనే ఉన్నది కదన్నా?"

"గీ జాతి గంతే. సచ్చినంక సుత మస్తు రోజులు పచ్చగనే కనబడ్తది."

చెట్టు పట్టుకుని తిరిగొచ్చేసరికి తలుపు బయటికే గ్యాస్ వాసన. లోపల స్టవ్ తిప్పి ఉంది, మంట లేదు. సార్ లైటర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. "పార్వతి కాఫీ అడిగింది, ఇది వెలగట్లేదు" అన్నారు.

అక్కా, ఆ లైటర్ ఆయన చేతిలోంచి ఎలా లాక్కున్నానో నాకే తెలియదు. స్టవ్ కట్టేసి కిటికీలన్నీ తెరిచాను. ఇంకొంచెం ఆలస్యమైతే నీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

వెంటనే రమ్మని ఫోన్ చేస్తే మేడం ఆ సాయంత్రమే వచ్చింది. రాగానే చెట్టును చూసి, "చూశావా, డాడీ ఎంత బాగా పెంచుతున్నారో" అంది. నేను జరిగిందంతా చెప్పాను. కొమ్మ మీద గోటితో గీకి, బతికుంటే పచ్చగా ఉండాల్సిన చోట గోధుమరంగు చూపించాను. ఆమె అలాగే సోఫాలో కూలబడింది. "చెట్టు సంగతి ఆయనకి చెప్పకు శ్రీనూ" అంది. సోమవారం డాక్టర్‌కి చూపిస్తారట. అప్పటిదాకా ఆయన్ని వదిలి గడప దాటొద్దంది. మీ చిన్నదాని చెవులు కుట్టించేనాటికి రాలేనేమో, బావ కోపం తెచ్చుకోకుండా నువ్వే చెప్పు.

ఇప్పుడు సార్ చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. "తాళం తియ్యవయ్యా. హాస్పిటల్ నుంచి పార్వతిని ఇంటికి తీసుకురావాలి, ఎదురుచూస్తుంటుంది" అంటున్నారు. అమ్మగారు చనిపోయింది ఆ హాస్పిటల్లోనే. ఇందాకటి నుంచి ఇదే మాట. మొదట్లో మెల్లగా అడిగారు. ఇప్పుడు గొంతు పెంచుతున్నారు, తలుపు గుద్దుతున్నారు. తాళంచెవి నా జేబులో ఉంది. నేను జేబు తడుముకోవడం చూసి ఆ సంగతి ఆయన ఇప్పుడే పసిగట్టారు.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు, చిన్నదాన్ని ముద్దాడు. నన్ను దీవించు అక్కా, ఆయన్ని కూడా.

నీ తమ్ముడు
శ్రీను