క్లచ్చు లేని మన అంబాసిడరు

నాయనా,

నువ్వు పోయినప్పటి నుంచి షెడ్డులోనే నిలబడిన నీ అంబాసిడరుకు క్లచ్చు తీసేయించినా. కోప్పడాకు.

మెకానిక్ ఖాదర్ మామ ఐదు గేర్ల బాక్సే మేలన్నాడు. "ఎన్ని గేర్లుంటే ఏం మామా, క్లచ్చు తొక్కే బలం నా ఎడమకాలికి యాడుంది?" అన్నా. క్లచ్చు పని తానే చేసే టార్క్ కన్వర్టరు, స్పీడులో ఇంజనును నిదానంగా తిప్పే ఓవర్‌డ్రైవు ఉండే ఆటోమేటిక్ బాక్సే పట్టుబట్టి వేయించినా.

పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినాం. బ్రేకు మింద నుంచి కాలు తీస్తానే బండి తనంతట తానే వాటిని తొక్కుకుంటా కదిలింది. బనగానపల్లె రోడ్డులో ఓవర్‌డ్రైవు పడినాక ఇంజను గోల తగ్గి, అమ్మ మాటలు బాగా ఇనపడినాయి.

"పోలియో కాలితో నీకెందుకు పాపా, ఎనక కూర్చో" అంటాంటివి గదా. ఈ పొద్దు అమ్మ నా పక్కన ముందు కూర్చుంది. ఎనక సీటు నీకే ఇడిసినా.