బరాత్ మీద పూలు

ఎల్లారెడ్డి

మేనల్లుడు నగేశ్‌కు,

తనిఖీ గడువు దాటిన నీ చిన్న విమానం హైదరాబాద్‌లోని తనిఖీ షెడ్డుదాకా ఎగరగలదని ఇంజనీరుగా సంతకం పెట్టాను. సర్కారు అనుమతి ఆ ఒక్క ప్రయాణానికే, పైలట్ ఒక్కడికే. నువ్వేమో దాన్ని గాంధారి ఊరికి మళ్ళించి, నీ బామ్మర్ది పెళ్ళి బరాత్ మీద పూలు చల్లడానికి నువ్వూ ఎక్కుతానన్నావట. కాదంటే కొలువు పోతుందని పైలట్ సుందర్ నా దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే, "ఏందే మామా, ఒక్క చక్కర్ కొడితే ఏమైతది?" అని నవ్వావు.

దవాఖానకు పోయే రోగిని పెళ్ళిలో ఆడమనే తెలివి మీ ఇంటిదే. మీ నాన్న బ్రేకుల్లేని ట్రాక్టరుకు నిమ్మకాయలు కట్టి బావిలో దింపాడు.

సంతకం వెనక్కి తీసుకుంటున్నానని అధికారులకు రాశాను. విమానం కదలదు. పూలు చల్లాలని అంత మోజుంటే డాబా ఎక్కి చల్లు. జారితే నువ్వొక్కడివే పడతావు.

నీ మేనమామ