రెండో నంబరు సీసా

సెప్టెంబర్ 4, సోమవారం

అల్మాటీ నుంచి వచ్చే కబ్దేష్ ఇక రాడట. పధ్నాలుగేళ్ల పాటు ఏటా వచ్చి మా ఫ్యాక్టరీని ఆడిట్ చేశాడు. పొద్దున ఒక గంట ఫైళ్లు, అక్కణ్ణించి సాయంత్రం దాకా గొర్రె విందు. వెళ్లేటప్పుడు కారు డిక్కీలో తేనె డబ్బా, కాగితం మీద సంతకం. ఈ ఏడు ఆడిట్ రీగా నుంచి, తెర మీద. ఆడిటర్ ఒకావిడ, పేరు ఇల్జె. రష్యన్ వచ్చు కాబట్టి మాటలకు ఇబ్బంది లేదు.

మా అబ్బాయి కెనెష్ ఫ్యాక్టరీ డైరెక్టరు. భోజనం దగ్గర ఈ కబురు చెప్పి, అమ్మా, తెరకి ఏం వడ్డిస్తామే అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఇన్నేళ్లుగా మేం కట్టుకున్న నాణ్యతా వ్యవస్థ మొత్తం ఆ ఒక్క ప్రశ్నతో కూలింది.

కోడలు ఐసల్కిన్ క్వాలిటీ హెడ్. ఆ కుర్చీలో నేను ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. ముందు నా శిష్యురాలు, తర్వాత నా కోడలు. రెంటిలో ఏది నా పొరపాటో ఇంకా తేల్చుకోలేదు.

సెప్టెంబర్ 6

సోవెత్‌బెక్ బజార్లో కనిపించాడు. అటోక్లేవ్‌లు నడిపేది అతనే. నన్ను చూసి ఉల్లిపాయల బుట్టల వెనక్కి తప్పుకోబోయాడు. పిలిచాను. అరవై ఏళ్లవాడు బళ్లో పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అక్కా, రెండో నంబరు గాస్కెట్ పోయింది, మార్చి నుంచి వేడి నూట పన్నెండు దాటడం లేదు అని గొణిగాడు.

మేం చేసేది పసిపిల్లల తిండి. మాంసం, కారెట్ మెత్తగా రుబ్బి, గాజు సీసాల్లో నింపి, మూత బిగించి, ఆ ఇనుప కుక్కర్లలో నూట ఇరవై డిగ్రీల ఆవిరిలో పెడతాం. నూట పన్నెండు చాలదు. కొత్తగా చేరిన ఆడపిల్లలకు నా మొదటి పాఠం ఇదే. ఆవిరి చాలకపోతే లోపల ఒక సూక్ష్మజీవి బతుకుతుంది, విషం చేస్తుంది. వాసన ఉండదు, రుచి మారదు. ముందు కళ్లను పట్టుకుంటుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. తర్వాత గొంతు. తర్వాత ఊపిరి. పిల్లలు నోట్సు రాసుకునేవారు. ఐసల్కిన్ ఎర్ర సిరాతో కింద గీత కూడా గీసుకుంది.

సెప్టెంబర్ 9

రీగా నుంచి పార్సిల్ వచ్చింది. చొక్కా గుండీ అంత సెన్సర్లు రెండు. ఒక్కో అటోక్లేవ్‌లో ఒకటి వేయాలట. లోపలి వేడిని అవే కొలిచి, అవే రీగాకి చెప్పుకుంటాయట. మధ్యలో మనిషి చెయ్యి పడదు.

కెనెష్ వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తేనె పుచ్చుకోని ఆడిటర్‌ను వాడు పుట్టాక చూడటం ఇదే.

సెప్టెంబర్ 12

ఐసల్కిన్ టాబ్లెట్ వంటింట్లో మర్చిపోయింది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. రెండు అటోక్లేవ్‌లకు రెండు గ్రాఫులు. రెండూ నూట ఇరవైకి చక్కగా ఎక్కాయి. ఎనిమిదో నిమిషంలో రెండూ కొంచెం జారి మళ్లీ పైకి లేచాయి.

ఆ జారుడు నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు. మొదటి అటోక్లేవ్ వాల్వుది అది. ముసలాడి దగ్గులాంటిది, వంద మందిలో ఉన్నా గుర్తుపడతాను. ఒక ముసలాడి దగ్గు ఇంకో ముసలాడి గొంతులోంచి, అదే నిమిషానికి వస్తుందా?

రెండు గుండీలనూ మొదటిదాంట్లోనే వేశారు.

నా కాలంలో కాగితం మీద పెన్ను గీసే గ్రాఫు ఉండేది. దాన్ని చేత్తో దిద్దాలంటే మణికట్టులో కళ ఉండాలి. వీళ్లకి అదీ అక్కర్లేకపోయింది.

సెప్టెంబర్ 13

ఆడిట్‌కి రిహార్సల్. నన్నూ రమ్మన్నారు, తెల్ల తలగుడ్డ కట్టుకుని వెనకాల గోడ దగ్గర కూర్చోవడానికి. అనుభవజ్ఞుల సలహా మండలి అట నేను.

సోవెత్‌బెక్ నెత్తిన కెమెరా కట్టారు. ఆవిరి పైపు చెయ్యి కాల్చడంతో అతను మన భాషలోనే ఆ పైపు తల్లిని, అమ్మమ్మని తలుచుకున్నాడు. టాబ్లెట్‌లో అడుగున చిన్న చిన్న అక్షరాలు పరిగెత్తాయి. మొత్తం రష్యన్‌లోకి వచ్చేసింది, అమ్మమ్మతో సహా. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఆ యంత్రం విని అవతలివాళ్లకి రాసి చూపిస్తుందన్నమాట.

ఎవరూ గమనించలేదు. అందరూ తెరలో తమ మొహాలు చూసుకుంటున్నారు. మన మాట ఆవిడకేం తెలుస్తుంది, మనలో మనం ధైర్యంగా మాట్లాడుకోవచ్చు అని కెనెష్ అందరికీ అభయం ఇచ్చాడు.

నేను సలహా మండలిని. సలహా ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 15

ఇంట్లో అలమరలో మా ఫ్యాక్టరీ సీసాలు పదకొండు ఉన్నాయి. మూత మీద కోడ్‌లో చివరి అంకె అటోక్లేవ్ నంబరు. పదకొండుకి పదకొండూ 1.

సెప్టెంబర్ 18, సోమవారం

అడిగేశాను. మనవరాలు బెగాయిమ్‌కి ఒకటో నంబరు, బిష్కెక్ కిండర్‌గార్టెన్ పిల్లలకి రెండో నంబరా అని.

కెనెష్ నవ్వాడు. వాళ్ల నాన్న కూడా తప్పు దొరికితే అలాగే నవ్వేవాడు. గాస్కెట్ వసంతానికి వస్తుందట. రెండోది ఆపితే సగం ఆర్డరు పోతుందట, సర్టిఫికెట్ పోతే మొత్తం ఆర్డరు పోతుందట, అరవై మంది ఇంటికి పోతారట. మార్చి నుంచి తింటున్నారు, ఎవరైనా పోయారా అమ్మా అన్నాడు. ఆ రోజు నువ్వు రావద్దు, ఇంట్లో పాపని చూసుకో, నీ రోజులు వేరు అని కూడా అన్నాడు.

ఐసల్కిన్ పిండి పిసుకుతోంది. తలెత్తకుండానే, అత్తయ్యా, మీరు మాత్రం గ్రాఫులు గీయలేదా అంది.

గీశాను. పెన్నులో సిరా అయిపోయినప్పుడు గీశాను తల్లీ, ఆవిరి అయిపోయినప్పుడు కాదు అన్నాను.

తర్వాత ఆ పిండికి పడ్డ దెబ్బలు నాకు పడాల్సినవి.

సెప్టెంబర్ 19

సోవెత్‌బెక్ చేత రెండు సీసాలు తెప్పించాను. రెండూ రెండో నంబరువే, ఇంకా లేబుళ్లు అంటించనివి. వద్దక్కా, నా ఉద్యోగం పోతుందక్కా అన్నాడు. నీకు ఉద్యోగం ఇప్పించింది ఎవర్రా అన్నాను. ఇచ్చి వెళ్లాడు. టీ కూడా తాగలేదు.

సెప్టెంబర్ 20

ఇంట్లో ఎవరూ లేరు. ఒక సీసాని పెద్ద గిన్నెలో వేసి రెండు గంటలు మరిగించాను. ఆ విషం ఒకవేళ ఉన్నా మరిగితే చస్తుంది. మూత అంచు మీద సూదితో చిన్న గీత పెట్టాను. గీత ఉన్నది నాకు పనికొస్తుంది. గీత లేనిదాన్ని బిష్కెక్ ల్యాబ్‌కి పంపాలి.

రెండూ పిండి డబ్బా వెనకే పెట్టాను. మంచి శాంపిలూ చెడ్డ శాంపిలూ ఒకే అరలో పెట్టిన పిల్లని నా ల్యాబ్‌లో అయితే ఏడిపించి వదిలేదాన్ని. ఇక్కడ నన్ను ఏడిపించేవాళ్లు లేరు.

సెప్టెంబర్ 21, గురువారం. ఆడిట్.

ఉదయం 11

ఇంట్లోనే ఉన్నాను. బెగాయిమ్‌కి రెండున్నరేళ్లు. తన బొమ్మలన్నిటినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కదాన్నీ తిడుతోంది. ఈ ఇంట్లో నా పోలిక దానికొక్కదానికే వచ్చింది.

మధ్యాహ్నం 2

కెనెష్ ఫోన్. గెలిచామమ్మా అని. రెండు గ్రాఫులూ ఇంత చక్కగా కలవడం తాను చూడలేదని ఇల్జె మెచ్చుకుందట. ఆవిడ కంప్యూటర్ కూడా పచ్చరంగు చూపించిందట. కంప్యూటర్‌కి ముసలాడి దగ్గు ఎవరు చెప్పాలి?

అక్కడితో టాబ్లెట్ కట్టేసి ఉంటే అయిపోయేది. కానీ మా వాడు మా వాడే. పని అయ్యాక రొట్టె తుంచకుండా అతిథిని పంపేస్తే ఇంటికి అరిష్టం అన్నాడట. ఇల్జె నవ్వి, సరే, పదిహేను నిమిషాలు అందట. టాబ్లెట్‌ని ఇంటికి తెస్తున్నారు. గొర్రె పొద్దుటినుంచే ఉడుకుతోంది.

సాయంత్రం 6

వరసగా రాస్తాను.

టాబ్లెట్‌ని గుమ్మానికి ఎదురుగా, పెద్దవాళ్లు కూర్చునే చోట, రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టారు. వెనక్కి పడకుండా చక్కెర గిన్నె ఆనించారు. ముందు రొట్టె, వెన్న, ఎండు ద్రాక్ష. ఆనవాయితీ ప్రకారం గొర్రె తలని పెద్ద అతిథి ముందు పెట్టారు. తల రీగాని చూసింది, రీగా తలని చూసింది. ఇల్జె చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగింది. కెనెష్ లేచి నిలబడి స్నేహం గురించి, సాంకేతికత గురించి మాట్లాడాడు. పాపం, అతిథి కోయాల్సిన గొర్రె చెవి కూడా తనే కోసి తన ప్లేట్లోనే వేసుకున్నాడు.

మనిషి అతిథి అయితే ఈపాటికి ప్లేటులో తల పెట్టి ఏమీ చూడడు. ఈ అతిథికి ప్లేటు లేదు. కన్నూ చెవీ మాత్రమే ఉన్నాయి.

నేను వంటింట్లోకి వెళ్లి పిండి డబ్బా వెనక నుంచి సీసా తీసుకొచ్చాను. మూత తీసి, కోడ్ పైకి కనిపించేలా ఐసల్కిన్ మోచేతి పక్కన పెట్టాను. సీసా బెగాయిమ్ ముందు పెట్టి చెంచా చేతికిచ్చాను. పాప ఒక చెంచా తింది. రెండోదీ తింది. నేను ఐసల్కిన్‌నే చూస్తున్నాను. ఇరవై ఆరేళ్లలో ఏ ఆడిట్‌నీ ఇంత శ్రద్ధగా చేయలేదు.

ఐసల్కిన్ కన్ను మూత మీద పడింది. గట్టిగా కేక వేసింది. పీట తన్నేసి, పాప నోట్లో వేళ్లు పెట్టి, ఊసెయ్ ఊసెయ్, ఇది రెండో నంబరుది, మన పాపకి ఎవరిచ్చారు ఇది, ఇది మనం తినేది కాదు అని అరిచింది. అంతా మన భాషలోనే.

తెర అడుగున అక్షరాలు పరిగెత్తాయి.

ఇల్జె చదివింది. పెదాలు కదిలాయి. మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత చాలా మెల్లగా, రెండో నంబరుది అయితే ఏమవుతుంది అని అడిగింది.

ఆవిడ కళ్లలోకి సూటిగా చూడగలిగింది ఆ గొర్రె తల ఒక్కటే.

కెనెష్ టాబ్లెట్‌ని బోర్లా పడేశాడు. అప్పటికి ఆలస్యం అయిపోయింది. ఐసల్కిన్ పాపని చంకనేసుకుని ఆసుపత్రికని చెప్పులు వేసుకుంటోంది. కూర్చోవే అన్నాను. ఆ సీసాని నిన్న నేనే రెండు గంటలు మరిగించాను, గుర్తు కూడా పెట్టుకున్నాను, నా సర్వీసులో ఒక్క శాంపిల్ తారుమారు కాలేదు అన్నాను.

ఒట్టేసి చెప్పండి అత్తయ్యా అంది. వేశాను. చెప్పులు విప్పింది.

గీత చూపిద్దామని మూత వెతికాను. గొడవలో ఎవరో ఎముకలతో కలిపి ఊడ్చేశారు.

సెప్టెంబర్ 22, శుక్రవారం

సర్టిఫికెట్ ఆపేశారు. కిండర్‌గార్టెన్ల నుంచి సీసాలు వెనక్కి తెప్పిస్తున్నారు. గేటుకి తాళం. సోవెత్‌బెక్ భార్య వీధిలో నిలబడి నా పేరు పెట్టి గంటసేపు తిట్టింది. భాష బాగుంది, శ్వాస కూడా బాగా పడుతుంది ఆవిడకి.

కెనెష్ నాతో మాట్లాడటం లేదు. ఒక్క మాట మాత్రం అన్నాడు. సొంత కొడుకుని తెర ముందు బట్టలిప్పి నిలబెట్టావు, పిల్లల కోసమా, ఆ కుర్చీ కోసమా అని. రెండూ అన్నాను. అబద్ధం చెప్పడం ఎందుకు? మా వాడి నాటకం నేను పట్టుకున్నాను, రీగా కంప్యూటర్ పట్టుకోలేదు. నిన్న రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఐసల్కిన్ పొయ్యి దగ్గర నిలబడి, నేను మూత చూడకపోయి ఉంటే ఏం చేసేవారు అని అడిగింది. ఆడిటర్లు ఉన్నదే చూస్తారు, ‘ఉంటే’లు చూడరు అన్నాను. ఈ మాట ట్రైనీలకి చెప్పి ఉండాల్సింది.

బెగాయిమ్ అన్నం సగం వదిలేసింది. ఇంట్లో ఇంత రభస జరిగితే ఎవరు తింటారు?

సెప్టెంబర్ 23, శనివారం. ఉదయం 7.40

ల్యాబ్‌కి పంపుదామని పిండి డబ్బా వెనక మిగిలిన సీసా తీశాను. మూత అంచు మీద గీత ఉంది.

వెలుతురులో పెట్టి చూశాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను. గీత ఉంది.

బెగాయిమ్ లేచి వచ్చింది. రెప్పలు సగమే తెరుచుకున్నాయి. నన్ను చూసి, నా పక్కన ఖాళీగా ఉన్న చోటుని చూసి, ఇద్దరు నానమ్మలు అంది.

అంబులెన్సు నంబరు 103కి ఫోన్ చేశాను. ఏం తింది, ఎప్పుడు తింది, ఎవరు పెట్టారు అని అడిగింది అవతలి అమ్మాయి. చెప్పాను. ఏ అటోక్లేవ్ అని అడగలేదు. అదీ చెప్పాను.