పాప పాస్‌పోర్టు ఫోటో

కిరణ్,

ఇవాళ మన పాప పౌరసత్వ పత్రం పోస్టులో వచ్చింది.

మొదటి పురుడు పుట్టింట్లోనే అని నేను పట్టుబట్టి కాకినాడ వెళ్ళాను. "వెల్లింగ్టన్‌లోనే కందాం, తర్వాత కాగితాల గొడవ ఎందుకే?" అన్నావు. వినలేదు. మూడు నెలల పాప ఫోన్లో నిన్ను చూసే నవ్వడం నేర్చుకుంది. మా దగ్గరికి రావడానికి నువ్వు టికెట్ కొన్న వారానికే నీ గుండె ఆగిపోయింది.

పాపని విజిటర్ వీసా మీద ఇక్కడికి తెచ్చుకున్నాను. అది అయిపోతే ఎలాగా అని భయపడుతూ, నీ పౌరసత్వ పత్రం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ అంతా చూసి, "పాప పుట్టేటప్పటికి వాళ్ళ నాన్న ఇక్కడి పౌరుడే కదా! అయితే తను పుట్టిన రోజు నుంచే మా మనిషి. మేం కొత్తగా ఇచ్చేదేం లేదు, రాసుకోవడమే," అంది. బయట ఈ ఊరి ఈదురుగాలిలో స్ట్రోలర్ తోసుకుంటూ, బస్‌స్టాప్ దాకా నాలో నేనే నవ్వుకుంటూ నడిచాను.

పత్రంలో నీ ఇంటిపేరు ఉంది. పుట్టిన ఊరు కాకినాడ అని ఉంది. మనిద్దరి మాటా నెగ్గింది.

రేపు ఇంట్లోనే ఫోన్‌తో పాస్‌పోర్టు ఫోటో తీయాలి. అందులో నవ్వకూడదట. ఫోన్ కనిపిస్తే చాలు నవ్వడం నేర్పింది నువ్వే కదా, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?