నడవ వెడల్పు

మరిదీ,

నీ షెడ్డులో తయారవుతున్న మా వ్యాన్‌కి నువ్వు గీసిన ప్లాను చూశాను. అటొక మంచం, ఇటొక మంచం, మధ్యలో రెండడుగుల నడవ. మీ అన్నయ్యే అలా పెట్టమన్నారటగా! ఆయన గురకకు దూరంగా, ఊళ్ళు తిరిగేటప్పుడైనా నేను హాయిగా నిద్రపోవాలట. ముప్ఫై ఏళ్ళుగా ఆ గురకతో వేగినదాన్ని, ఇప్పుడు కొత్తగా నాకేం ముంచుకొచ్చింది?

పోనీ అడ్డంగా ఒకటే మంచం వెయ్యమందామంటే, లేచిన ప్రతిసారీ ఆయన నన్ను దాటాలి. గుండె ఆపరేషన్ అయిన మనిషి సర్కస్ చేస్తారా? అందుకని రెండు మంచాలే ఉండనీ. నడవ మాత్రం తగ్గించు. ఆయనడిగితే వ్యానే ఇరుకని చెప్పు.

ఒక సంగతి, నీలోనే ఉంచుకో. ఆపరేషన్ అయినప్పటి నుంచి, గురక ఆగితే చాలు, నాకు మెలకువ వచ్చేస్తుంది. మెల్లగా ఆయన గుండెమీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందని తెలిశాకే మళ్ళీ కళ్ళు మూస్తాను.

ఈ కవర్లో దారం ముక్క పెట్టాను. నా భుజం నుంచి వేలి కొసదాకా కొలిచి తెంపాను. నడవ ఎంత ఉండాలో నువ్వే చూసుకో. ఆయన గుండె నా చేతికి అందాలి.

వదిన