ఇక ఇవెక్కడికీ పోవు

జులై 6, ఆదివారం. మా ఇంటి ముందు.

రేపే ప్రయాణం. సుపీరియర్ సరస్సు ఒడ్డుకు. ముందు పికప్ బండి. దాని వెనక మా ట్రైలర్, అంటే మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. ట్రైలర్ వెనక బంపర్. బంపర్ మీద స్టాండు. స్టాండు మీద రెండు సైకిళ్లు.

ఒకటి నాది. పాతది. పోయినా ఏడ్చేవాళ్లు లేరు. రెండోది మా ఆవిడ మార్లిస్‌ది. ఎర్రది, కొత్తది. ఎందుకు కొత్తదంటే, పాతదాన్ని పోయిన వేసవిలో హైవే మీద పాల లారీ తొక్కేసింది. అది హైవే మీద ఎందుకుందంటే, దాన్ని ట్రైలర్‌కి కట్టింది నేను.

మార్లిస్ షరతు పెట్టింది. "ఈసారి నా సైకిల్ ట్రైలర్ మీంచి పడిందా, ట్రైలర్ గోర్డీకి అమ్మేస్తా. వచ్చే ఏడాది నుంచి మోటెల్లో దిగుదాం."

గోర్డీ ఆమె తమ్ముడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ట్రైలర్ పక్కన నిలబడి దాని గోడ నిమురుతాడు, సంతలో ఆవును చూసినట్టు. నాకేమో మోటెల్ పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ తివాచీల వాసన, గోడ అవతలి వాడి గురక! నా మంచం, నా కాఫీ గిన్నె, రేకు మీద వాన చప్పుడు ఇవన్నీ గోర్డీ పాలు కావడానికి వీల్లేదు.

మార్లిస్ లెక్క ప్రకారం తప్పు తాడుది కాదు. ఏది కట్టినా చివర్లో దాన్ని రెండుసార్లు అరచేత్తో తట్టి "ఇక ఇదెక్కడికీ పోదు" అంటాను. మా నాన్న అలాగే అనేవాడు. మా మిన్నెసోటా రాష్ట్రంలో ఆ మాట అనకుండా బండికి బరువు కట్టిన మగాడిని నేనింతవరకూ చూడలేదు.

"ఆ మాట అన్నావంటే నీ బుర్ర తలుపేసుకుంటుంది వెర్లిన్. మళ్లీ వెనక్కి తిరిగి చూడవు" అంది.

కాబట్టి తీర్మానం. తట్టను. ఆ మాట అనను. గంటకోసారి బండి ఆపి, దిగి, సైకిళ్లు కుదిపి చూస్తాను. ఇల్లు చేరేదాకా!

సాయంత్రం: కట్టడం పూర్తి. కొత్త పచ్చ బెల్టులు. నాలుగు చాలని పెట్టె మీద రాసుంది, ఆరు వేశాను. చెయ్యి దానంతటదే లేచింది. పట్టుకెళ్లి జేబులో పెట్టాను.

జులై 7, సోమవారం. దారిలో.

మొదటి గంట. ఆపాను. కుదిపాను. బ్రహ్మాండం!

రెండో గంట. ఆపాను. కుదిపాను. మార్లిస్ మెచ్చుకుని రూబార్బ్ బిళ్ల, అంటే పుల్లటి కాడతో చేసే మా వైపు మిఠాయి, ఒకటి చేతిలో పెట్టింది. తీర్మానాలు ఇంత సులువని తెలిస్తే పాతికేళ్ల నాడే మొదలుపెట్టేవాణ్ణి.

మూడో గంట. వాన. దిగలేదు. అద్దంలో చూశాను. అద్దంలో ట్రైలర్ పక్క గోడ తప్ప వెనక భాగం కనబడదు. అయినా ఏదన్నా పడితే వెనకొచ్చేవాళ్లు హారన్ కొడతారుగా.

నాలుగో గంట. మా వైపు ఎవరూ హారన్ కొట్టరని గుర్తొచ్చింది. అవతలివాడు నొచ్చుకుంటాడని మొహమాటం. అప్పటికి దిగాల్సిన చోటు దాటిపోయింది.

సాయంత్రం: సగం దారిలో చిన్న సరస్సు పక్కన క్యాంపు. రేపంతా చేపలు పడతాను. సైకిళ్లు భద్రం.

మార్లిస్ అంది, "వెనకెక్కడో కిర్రుమంటోంది."

"ట్రైలర్ అన్నాక కిర్రుమంటుంది."

"పోయిన ఏడాది ఇలా అనలేదు."

"పోయిన ఏడాది రేడియో పెట్టుకున్నాం."

అయినా మనసాగక ఇంకో రెండు బెల్టులు బిగించాను. ఎనిమిది. ఎర్ర సైకిల్‌కి ఊపిరాడుతోందో లేదో.

జులై 8, మంగళవారం. క్యాంపులో.

పక్క ట్రైలర్ ఆయన పరిచయమయ్యాడు. పేరు డెల్మార్. పళ్ల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. అయోవా మనిషి. అయోవా మా పక్క రాష్ట్రం. వాళ్ల గురించి మేం చెప్పుకునే జోకులు ఇక్కడ రాయను, మార్లిస్ చదువుతుంది.

కాఫీ కప్పుతో వచ్చి సైకిళ్లను చూడలేదు. స్టాండును చూడలేదు. తిన్నగా వంగి నా బంపర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"ఇది ఊగుతోంది" అన్నాడు.

"సైకిళ్లు కదలవండీ, ఎనిమిది బెల్టులు."

"పన్ను ఊగుతోందంటే దాని మీది తొడుగు గురించి మాట్లాడతారేంటండీ? ఈ బంపర్ రేకు డబ్బా. ఇందులో మురుగు గొట్టం దాచుకోవడానికి పెట్టారంతే, బరువు మొయ్యడానికి కాదు. అతుకు కూడా వదులైంది. నా దగ్గర ఇనప బద్దీలున్నాయి, బిగించిపెట్టనా?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముంది, పది నిమిషాల పని."

"వద్దులెండి, నిజంగా."

ఇక మూడోసారి అడుగుతాడు, అప్పుడు "సరే, మీరంతగా అంటే" అనాలి. మా ఊళ్లో పద్ధతి ఇదే. మొదటిసారికే ఒప్పుకుంటే ఆశపోతు, రెండోసారికి ఒప్పుకుంటే తొందరపాటు మనిషి. నేను మొహం సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

డెల్మార్ "సరే అయితే" అని వెళ్లిపోయి మొక్కజొన్న కంకి కాల్చుకున్నాడు.

రెండుసార్లే అడిగాడు! ఏం మనుషులు! ఆయన కుర్చీ ముందు నుంచి మూడుసార్లు నడిచాను, నీళ్లకని, చెత్త పారేయడానికని, ఊరికే. ప్రతిసారీ చెయ్యి ఊపాడు. బద్దీల ఊసెత్తలేదు.

మధ్యాహ్నం: చేపల్లేవు. బంపర్ అంతగా ఊగుతుంటే డెల్మార్ మళ్లీ అడగడూ? అడగలేదంటే అంతగా ఊగడం లేదన్నమాట. పైగా అయోవా.

మార్లిస్: "మళ్లీ కిర్రుమంది, లోపల నడుస్తుంటేనే."

నేను: "చెక్క."

సాయంత్రం: స్టాండును బంపర్‌కి గొలుసుతో చుట్టి తాళం వేశాను. సైకిళ్లు స్టాండుకి, స్టాండు బంపర్‌కి, అన్నీ ఒకే ముద్ద. వెనక్కి జరిగి చూసుకున్నాను. మార్లిస్ స్నానానికి వెళ్లింది. చుట్టూ ఎవరూ లేరు.

తట్టాను. రెండుసార్లు.

అన్నాను కూడా. "ఇక ఇవెక్కడికీ పోవు."

ప్రాణం హాయిగా ఉంది. ఎంతకాలమని బిగబట్టుకుంటాడు మనిషి?

జులై 9, బుధవారం.

మొదటి గంట. ఆపలేదు. గొలుసు ఉంది.

రెండో గంట. ఆపలేదు. నిన్న రోజంతా పడని సైకిళ్లు ఇవాళ ఎందుకు పడతాయి? (నిన్న ట్రైలర్ కదల్లేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే తోచింది.)

మూడో గంట. దారిలో హోటల్ దగ్గర ఆగి ఆపిల్ పై, అంటే పళ్ల ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె, తిన్నాం. బండి దిగాం కూడా, కానీ హోటల్ తలుపు బండికి ముందు వైపుంది, ట్రైలర్ వెనక్కి వెళ్లే పని పడలేదు.

ఆ తర్వాతది వరసగా రాస్తాను.

సరస్సు వైపు దిగే పెద్ద వాలులో రోడ్డు బాగాలేదు. ధబ్‌మని చప్పుడు. మార్లిస్ నా వంక చూసింది. నేను రోడ్డు వంక చూశాను. ఇంతలో పక్కన ఓ కారు వచ్చింది. అందులో ఒకావిడ చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మళ్లీ ఊపింది. ఈసారి మార్లిస్ ఊపింది. ఎంత మంచి మనుషులో అనుకున్నాం. ఆవిడ చాలా మొహమాటపడుతూ వేలితో వెనక్కి చూపించింది.

ఆపి దిగాను. సైకిళ్లు పడలేదు. స్టాండు మీద నిటారుగా, ఎనిమిది బెల్టులతో, చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. స్టాండు కూడా బంపర్ మీద గట్టిగానే ఉంది. బంపర్ మాత్రం ట్రైలర్‌కి లేదు. అన్నీ కలిసి కొండ మీద, మాకు చాలా వెనకాల, రోడ్డు మధ్యలో కూర్చున్నాయి. బంపర్‌లోంచి మురుగు గొట్టం బయటికొచ్చి అవతలి గీత దాకా పాకింది.

నేనింకా నోరు తెరుచుకుని చూస్తున్నాను. మార్లిస్ అప్పటికే పరుగెత్తుతోంది, రోడ్డు వారనుంచి, తన సైకిల్ వైపు. పైనుంచి దుంగల లారీ దిగుతోంది.

కేకేశాను. ఆ క్షణంలో ట్రైలర్ లేదు, సైకిల్ లేదు, గోర్డీ లేడు. మార్లిస్ వేసుకున్న ఎర్ర చొక్కా ఒక్కటే కనబడింది నాకు. జీవితంలో ఎప్పుడూ అంత భయపడలేదు.

లారీ ఆగింది. చాలా ముందే ఆగింది. డ్రైవరు కుర్రాడు దిగి, సైకిళ్లనూ బంపర్‌నూ పక్కకు లాగడంలో మాకు సాయం పట్టాడు. తర్వాత గొట్టాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "ఇది కూడా మీదేనా అండీ?" అని అడిగాడు.

"కాదు" అన్నాను. మార్లిస్ తీసుకుంది.

జులై 10, గురువారం. సరస్సు ఒడ్డు.

ఉదయమంతా సైకిళ్లు విప్పడమే. నేను వేసిన ముడులు నాకే విప్పరాలేదు. బెల్టులు కోశాం. ఎర్ర సైకిల్‌కి బుట్ట ఒక్కటి నొక్కుకుపోయింది, అంతే.

నేను ఉండబట్టలేక, "షరతు ప్రకారం సైకిల్ ట్రైలర్ మీంచి పడకూడదు. పడింది బంపర్" అన్నాను.

"సైకిళ్లు ఎక్కడికీ పోలేదు. ట్రైలరే పోయింది" అంది మార్లిస్.

"అదే నేననేది."

"ఆ మాట అన్నావు కదూ?"

"ఏ మాట?"

"వెర్లిన్. స్నానాల గది కిటికీ తెరిచే ఉంది. తట్టడం కూడా వినబడింది."

నేలచూపులు చూశాను. "మరి నాకు చెప్పలేదేం?"

"కిర్రుమంటోందని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పడానికి మొహమాటమేసింది."

గోర్డీ ఫోన్ చేశాడు. "బావా, ట్రైలర్ ఎలా ఉంది?" మా గురించి అడగలేదు, చూశారా. మార్లిస్ ఫోన్ లాక్కుంది. "తోక తెగింది గోర్డీ. నీకిప్పుడూ కావాలా?" "అక్కా, మా ఆవిడని అడిగి చెబుతాను" అన్నాడు. వాడు చెప్పడు.

సాయంత్రం: మార్లిస్ సరస్సు వెంబడి దారిలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లింది. మలుపు దగ్గర బెల్లు కొట్టింది. తిరిగొచ్చేదాకా రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. లోపల గిన్నెలో కూర మాడింది.

జులై 13, ఆదివారం. ఇంటి దారి.

సైకిళ్లు ట్రైలర్ లోపల మా మంచం మీద పడుకున్నాయి. నా దిండు ఎర్రదాని హ్యాండిల్ కిందుంది. తలుపు గట్టిగా వేశాను. బంపర్ సోఫా మీద ఉంది. మురుగు గొట్టం ఎక్కడుందో అడగలేదు.

తీర్మానం మళ్లీ మొదలు. తట్టను. ఆ మాట అనను. గంటకోసారి దిగుతాను. వాన వచ్చినా, ఆపిల్ పై ఉన్నా. కొత్తగా ఇంకోటి: ఏదన్నా కిర్రుమంటోందని మార్లిస్ చెబితే మొదటిసారికే దిగుతాను.

మొదటి గంట. ఆపాను. లోపలికెళ్లాను. రెండింటినీ కుదిపాను. చెయ్యి లేచింది. దాని మీద కూర్చున్నాను.

తిరిగొచ్చి బండెక్కాను. మార్లిస్ మ్యాపు మడిచి అడిగింది, "ఎలా ఉన్నాయి?"

"ఉన్నాయి."

"ఎక్కడికీ పోవుగా?"

నా మొహంలోకే చూస్తోంది. నాలుక చివరికి వచ్చిన మాటను మింగాను.

"చెప్పలేం" అన్నాను.

మా పెళ్లయ్యాక నా మాటకి ఆవిడ అంత సంతోషించడం చూడలేదు. డబ్బాలో మిగిలిన రూబార్బ్ బిళ్ల తీసి సగం విరిచి, పెద్ద ముక్క నాకిచ్చింది. అది నోట్లో పెట్టుకుని, ఇంకోసారి చూసొద్దామని మళ్లీ దిగాను.